కేకు బొమ్మ ఉన్న సీసా

శనివారం పొద్దు వాలుతుండగా కిరణ్ కుమార్ తన బావ రాజారత్నం ఇంటి అరుగెక్కి, నల్లటి సీసా ఒకటి ఠక్కున ఆయన కుర్చీ ముందు పెట్టాడు. సీసా మీద కేకు ముక్క బొమ్మ. అక్షరాలు ఏ దేశానివో తెలియదు.

రాజారత్నం కుర్చీలోంచి లేవలేదు. బందరు దగ్గరి గూడూరు పక్కన ఆ పల్లెలో పదకొండేళ్లుగా సంఘపెద్ద ఆయన. పోయిన నెల ఆరాధనలో సొంత బావమరిదినే అందరి ముందూ నిలబెట్టి, తాగుతున్నాడని చెప్పి, రొట్టె పంచుకునే ప్రభువు బల్లకి దూరం పెట్టాడు. ఓడలో వంటపని చేసే కిరణ్ సెలవు అయిపోయినా తిరిగి వెళ్లలేదు. తెల్లవారితే మళ్లీ బల్ల ఆదివారం.

“నేను తాగింది ఇదే పెద్దగారూ. మా ఓడలో తెల్లోళ్లు భోజనమయ్యాక మిఠాయి బదులు తాగుతారు. రుచి చూసి చెప్పు. మందైతే రేపు చర్చిలో లేచి క్షమాపణ అడుగుతా. కాకపోతే నువ్వు లేచి అడగాలి.”

దయామణి రెండు గ్లాసులు తెచ్చింది. భర్తకీ తమ్ముడికీ మధ్య నెలరోజులుగా నలిగిపోతున్న మనిషి.

“సరబత్తే అక్కా, ముందు నువ్వు చూడు.”

చూసింది. “మాడిన బెల్లప్పాకంలో కాఫీ పోసినట్టుందండీ. బాగుంది. ఇది మందేంటి?” అంటూ గ్లాసు ఖాళీ చేసింది.

రాజారత్నం ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. ఆముదంలా చిక్కగా ఉంది. ముందు అడుగంటిన పాయసం తాలూకు చేదూ తీపీ. ఆ వెనక బందరు బేకరీలో కేకు కోసినప్పటి వాసన. మింగాక ఆ తీపి అడుగునుంచి సెగ లేచి చెవుల వెనక్కి పాకింది. ఆ సెగ ఆయనకి పాత పరిచయమే. పెళ్లిచూపుల్లోనూ, పెద్దరికం ఇచ్చిననాడు సంఘం ముందూ మాత్రం చుక్క ముట్టినవాణ్ణి కాదని చెప్పాడు.

“మందే” అన్నాడు. “కల్లుకి రెండింతలుంటుంది.”

కిరణ్ ఆ మాట కోసమే కాచుకున్నట్టు ముందుకు వంగాడు. “చుక్క ముట్టనోడివి, కల్లెంత ఉంటదో నీకెట్టా తెలిసింది బావా?”

దయామణి మొగుడి వైపు తిరిగింది. వాసన బట్టి చెప్పానంటే ఆమె నమ్మేది. కానీ వాసన మీద తీర్పేంటని వాదించి వీడు రేపు దర్జాగా బల్ల దగ్గర కూర్చుంటాడు. రాజారత్నానికి అది మింగుడు పడలేదు.

“తాగాను గనక తెలుసు. పెళ్లికి ముందు రెండేళ్లు, మురుక్కాలవ గట్టు మీద.”

“ఇదే మాట రేపు సంఘంలో చెప్పు.”

“చెప్తా. పెద్దరికం వాళ్ల మొహాన పారేసి మరీ చెప్తా. ముందు నువ్వు లేస్తావు, తర్వాత నేను. ఆ తర్వాత మీ అక్క. ఆవిడా తాగిందిగా.”

“అక్కనెందుకు లాగుతావు? అది మందని తనకేం తెలుసు? సరబత్తని చెప్పి పోసింది నేనైతే.”

అనేశాక గాని కిరణ్‌కి తనేమన్నాడో అర్థం కాలేదు.

“విన్నావా దయామణీ” అన్నాడు రాజారత్నం.

“విన్నాను. ఇద్దరివీ విన్నాను.” ఆమె లేచి, తూలి, గోడ పట్టుకుంది. “రేపు మీరిద్దరూ లేచి ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి. నేను మాత్రం బల్లకెళ్తాను. ఆపే మగాడెవడో చూస్తా.”

లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. కిరణ్ మెట్లు దిగుతూ కూడా బావని తిడుతూనే ఉన్నాడు. అప్పుడు లేచాడు రాజారత్నం. తలుపు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. లోపల పెట్టె తెరిచి, రేపు బల్లకి కట్టుకెళ్లే చీర తీసుకుంటోంది ఆమె.