ఆరు నెలల వ్యాయామం

సాయంత్రం మెట్ల దగ్గరికి వచ్చేసరికి డ్రైవరుకు ఒళ్ళు మండిపోయేది. వీపు మీద తొమ్మిదేళ్ళ కూతురు, మెడలో ఆమె బడిసంచీ, పైన నాలుగో అంతస్తులో ఇల్లు. పుట్టుకతోనే కాళ్ళు నిలవని పిల్ల. ఆజ్ఞలు మాత్రం కూర్చున్నచోటి నుంచే ఇల్లంతా పారేవి, అందుకే దొరసాని అని పిలుచుకునేవాడు. పొద్దున దించడం భార్య వంతు, సాయంత్రం ఎక్కించడం ఇతని వంతు. లిఫ్టు చెడిపోయి నెలలు దాటింది.

పిల్ల ఎదుగుతోంది, తను తరుగుతున్నాడు. రోజంతా బస్సు స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని పొట్ట ముందుకొచ్చింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. మొన్న మూడో అంతస్తు దగ్గర కళ్ళు బైర్లు కమ్మితే గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఇంకోసారి అలా అయితే ఇద్దరూ దొర్లుకుంటూ కిందికొస్తారు. సంగతి విని భార్య, నర్సు కదా, భయపడింది. లిఫ్టు బాగయ్యేదాకా పిల్లను బడి మాన్పిద్దామంది. దొరసాని ఆ మాట విని కంచం పక్కకు నెట్టేసింది.

అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీని లిఫ్టు గురించి అడుగుదామని వెళ్ళాడు. ఆయన కాపురం మొదటి అంతస్తులో. రోజూ కారెక్కి జిమ్‌కి వెళ్ళి, అక్కడ నడిచే యంత్రం మీద నడిచి, మళ్ళీ కారెక్కి వస్తాడు. లిఫ్టు ఆగిపోయినా ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

"అందరం కూర్చుని మాట్లాడుకోవాలయ్యా, తొందరపడితే ఎలా?" అన్నాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "ముందు నీ ఒళ్ళు చూసుకో. జిమ్‌లో చేరు. ఆరు నెలలు చెయ్యి, పిల్లనేంటి, నన్ను కూడా మోస్తావు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. జిమ్‌కి ఎప్పుడు వెళ్ళాలి? తెల్లవారకముందే డిపో, సాయంత్రం బడి, ఇల్లు చేరగానే భార్య డ్యూటీకి బయల్దేరి రాత్రి ఏ పదకొండుకో వస్తుంది. ఆపైన వంట, అంట్లు, పిల్ల స్నానం. ఇవన్నీ ఆయన మొహాన చెప్పకుండా తలూపి వచ్చేసినందుకు తన మీద తనకే ఎక్కువ కోపం వచ్చింది.

ఆ కోపంతోనే వ్యాయామం మొదలుపెట్టాడు. కుక్కరు కూత వేసేలోపు వంటగట్టు పట్టుకుని గుంజీలు తీశాడు. తడి దుప్పట్లను పగ తీర్చుకున్నట్టు పిండాడు. ఆఖరి స్టాపులో కండక్టరు టీ తాగుతుంటే బస్సు చుట్టూ గబగబా తిరిగాడు. బస్సునెవడైనా ఎత్తుకుపోతాడనా అని కండక్టరు ఏడిపించాడు. ఇంట్లో మంచం మీద నుంచి దొరసాని అజమాయిషీ: నడుం వంచకు, దొంగ గుంజీలు చెల్లవు. తండ్రికి ఆయాసమొస్తే పకపకా నవ్వేది. ఆ నవ్వు కోసం ఇంకో రెండు తీసేవాడు.

కాస్త బలం వచ్చిన మాట నిజమే. కానీ పిల్ల మాత్రం ఊరుకుంటుందా? గౌన్లన్నీ పొట్టివైపోయాయి. ఎదిగే పిల్లతో పందెం కట్టి గెలిచిన తండ్రి ఎవడు?

ఒక సాయంత్రం మొదటి అంతస్తు చేరుతుండగానే మోకాలు కలుక్కుమంది. పిల్లకు దెబ్బ తగలకుండా గోడకు జారగిలబడి మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడే సెక్రటరీ తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

"చెప్పానా, జిమ్‌లో చేరమని," అంటూ వాళ్ళను తప్పించుకుని దిగబోయాడు.

డ్రైవరుకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచేలోపే వెనక నుంచి మాట వచ్చింది.

"నాన్నా, నన్ను అంకుల్ వాళ్ళ గుమ్మంలో దించు."

కుంటుకుంటూ తీసుకెళ్ళి దించాడు. పిల్ల గడపకు అడ్డంగా సర్దుకుని కూర్చుని, సంచీలోంచి లెక్కల పుస్తకం తీసింది. ఇదేంటమ్మా అని సెక్రటరీ వెనక్కి వచ్చాడు.

"ఆరు నెలలు చేస్తే నాన్నకు బలం వస్తుందని మీరే చెప్పారంట కదా అంకుల్. వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను. నాన్నా, మొదలుపెట్టు."

కాలు సహకరించదు కనుక డ్రైవరు రెండు చేతులూ గోడకు ఆనించి దండీలు మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళు మింగిన కోపమంతా ఆ గోడ మీదే చూపించాడు. పై అంతస్తుల వాళ్ళు మెట్ల మీద ఒక్కొక్కరే ఆగారు. ఎవరూ నవ్వలేదు. ఇంట్లోకి వెళ్దామంటే పిల్లను దాటాలి, కిందికి వెళ్దామంటే అంతమంది కళ్ళు దాటాలి. సెక్రటరీ జేబులోంచి ఫోను తీసి లిఫ్టు మెకానిక్ నంబరు వెతకసాగాడు.

దొరసాని పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"నడుం వంచకు నాన్నా," అంది. "ఇంకా ఆరు నెలలుంది."