ఇఫ్తారు తర్వాతి మాత్ర

దుగ్గిరాల గోడౌనులో పసుపు కొమ్ములూ కాయలూ వేరుచేస్తున్న రూతు, పక్కన చేట చప్పుడు ఆగేసరికి తల తిప్పింది. రుక్సానా పొత్తికడుపు కుడిపక్క అదిమిపట్టుకుని కూర్చుంది. సన్నటి మనిషి. కనురెప్పల దాకా పసుపు దుమ్ము.

“ఏంటే, మళ్లీ నొప్పా?”

“ఏం లేదక్కా. కాస్త మరకలు కనబడుతున్నాయి. ఈ మాత్రకి అలా అవుతుందని డాక్టరుగారు ముందే చెప్పారుగా.”

తెనాలి నుంచి రోజూ ఒకే బస్సులో వస్తున్న రూతుకి ఈ మొండితనం కొత్త కాదు. ఒంట్లో బాగోలేదని ఒప్పుకోవడం రుక్సానాకి పెద్ద నామోషీ. మూడో కాన్పులో రక్తమంతా పోయి గోడలు పట్టుకుని నడిచింది. ఇప్పట్లో ఇంకో కాన్పు వస్తే ప్రాణానికే ముప్పని చెప్పి, డాక్టరు వసుంధర పాలిచ్చే తల్లులకు పనికొచ్చే, కడుపు రాకుండా ఆపే మాత్ర రాసిచ్చారు. రోజూ ఒకే వేళకి వేసుకోవాలి, ఒక అట్ట అయిపోగానే ఇంకోటి మొదలెట్టాలి, మూడు గంటలు ఆలస్యమైతే రెండు రోజులు మొగుడికి దూరంగా ఉండాలి. రుక్సానా పొద్దున్నే టీతో పాటు వేసుకునేది.

రంజాను వచ్చినప్పుడు “చంటిపిల్ల తల్లివి, నీకు ఉపవాసం మాఫీ ఉందమ్మా” అని అత్త హుస్సేన్ బీ బతిమాలింది. వింటేనా! చిన్నప్పట్నుంచీ ఒక్క రోజా వదల్లేదు, ఇప్పుడు వదులుతుందా? పండగ వెళ్లి నెల కావస్తోంది.

అన్నాల వేళకి లేవబోయిన రుక్సానా అక్కడే కూలబడింది. రూతు ఎస్టీడీ బూతు నుంచి ఆమె భర్త ఫరూక్‌కి కబురంపి, ఆటోలో తెనాలి ఆసుపత్రికి తీసుకొచ్చింది.

వసుంధర కడుపు నొక్కి చూశారు. “ఈమధ్య మాత్ర తప్పిందా?”

“ఒక్కరోజూ తప్పలేదండి. రంజాన్‌లో మాత్రం పగలు మింగకూడదు కదండీ. పొద్దుగూకి ఇఫ్తారు అయ్యాక వేసుకున్నానండి.”

“మొదటిరోజు కూడా సాయంత్రమేనా?”

“అవునండి.”

“ఆ రెండు రోజులూ దూరంగా ఉన్నారా?”

రుక్సానా తల అడ్డంగా ఊపింది. డాక్టరు మొహం తెల్లబోయింది. “తెల్లారకముందే సహరీలో వేసుకోవాల్సిందమ్మా! ముందు వేసుకుంటే ఏం కాదు, ఆలస్యమైతేనే ముప్పు. అయ్యో, రోజాల సంగతి అడగాలని నాకూ తట్టలేదే!”

గర్భం నిలిచిందట. అదీ సంచిలో కాదు, పక్కనున్న గొట్టంలో. అది చిట్లి లోపల్లోపలే రక్తం పోతోందట. మాత్ర వల్ల వచ్చే మరకలే కదా అనుకున్నవి దీనివల్లేనట. రూతు రుక్సానా చెయ్యి పట్టుకుంది. ఒక్క పూట! దేవుడి కోసం కడుపు మాడ్చుకున్న మనిషికి ఒక్క పూట తేడాకి ఇంత శిక్షా?

ఆపరేషనుకి గుంటూరు తీసుకెళ్లాలన్నారు. ఆసుపత్రి జీపు ఊరు దాటకముందే రుక్సానా “అక్కా, పిల్లకి పాలవేళయింది” అంది. రూతు ఏదో చెప్పేలోపు ఆ తల ఆమె భుజం మీద వాలింది. నిద్రపట్టిందనుకుంది. వెంట వచ్చిన నర్సు నాడి పట్టుకుని చూసింది, మళ్లీ చూసింది. డ్రైవరుతో మెల్లగా “వెనక్కి తిప్పండి” అంది.

ఆసుపత్రి మెట్ల దగ్గర ఫరూక్ పరుగెత్తుకొచ్చాడు. “ఏంటక్కా, ఏమన్నారు? తగ్గిందంటనా?”

రూతు అతని ముందుకి చెయ్యి చాపింది. ఎప్పట్నుంచో బిగించి ఉన్న పిడికిలి విప్పింది. సెలైను ఎక్కించడానికి అడ్డమని నర్సు తీసిచ్చిన రుక్సానా ఆకుపచ్చ గాజులు, ఆ పిడికిలి చెమటకి తడిసి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.