పదిహేడో నంబరు చోటు

పొయ్యి చల్లారకముందే తలుపు తీసేవాళ్లను లొరేన్ పదకొండేళ్లుగా తిడుతూనే ఉంది. విమానం రెక్కల తయారీలో మిగిలిన కార్బన్ ఫైబర్ ముక్కలను గాలి చొరబడని ఆ పొయ్యిలో కాలిస్తే జిగురు పోయి నల్లటి పోగులు మిగులుతాయి. వాటిని మళ్లీ అచ్చులో పోసి కొత్త భాగాలు చేస్తారు. వేడి మీద గాలి తగిలిందా, పోగులూ కాలిపోతాయి.

శుక్రవారం ఆ తలుపు తీసింది ఆవిడే.

లోపల ఉన్నది భర్త క్లైవ్ చేపలు పట్టే గాలపు కర్ర, అదీ కార్బన్ ఫైబర్‌దే. మార్చిలో ఆయన పోయాక, అటక మీది నుంచి దించుతుంటే మూడు చోట్ల విరిగింది. దాంతో అరచేయంత పలక చేయించి, టిప్టన్ కాలువ గట్టున చేపలు పట్టేవాళ్ల కోసం నంబర్లు వేసిన చోట్లలో ఆయన ఎప్పుడూ కూర్చునే పదిహేడో నంబరు చోట బిగించాలని ఆమె కోరిక. ఆదివారం ఆయన పేరిట చేపల పోటీ. అచ్చు పోసే గుర్దీప్ నాలుగింటికల్లా ఇంటికి వెళ్లిపోతాడు. అందుకే తొందరపడింది.

ట్రే అంచున ఎర్రగా నిప్పు పాకింది. గబుక్కున తలుపు మూసి, చల్లారాక చూస్తే పోగులు సగం కూడా లేవు.

"తలుపు ఎవరు తీశారాంటీ?" తెలిసే అడిగాడు గుర్దీప్.

"ఎవరో తలకాయ లేని మనిషి."

"మామూలుగా పెట్టే చివాట్లు పెట్టారా మరి?"

"ఇంటికెళ్లాక పెడతాలే."

అతను పోగులు తూచి పెదవి విరిచాడు. "చాలవు. వేలితో నొక్కితే విరుగుతుంది. రెక్కల పోగులు కలుపుదామా?"

లొరేన్ మిగిలిన పోగులను వేలితో కదిపింది. అంతా ఆయనదే ఉండాలనే కదా ఇంత తాపత్రయం.

"క్లైవ్ జన్మలో విమానం ఎక్కలేదు. స్పెయిన్‌కి టిక్కెట్లు కొంటే జ్వరమని ముసుగు తన్నాడు," అంది.

"అయితే ఇప్పుడెక్కిద్దాం."

"ఆయన్ని అడక్కుండానా?"

"ముప్పై ఏళ్లలో మీరేదైనా అడిగి చేశారా ఆంటీ?"

"కలుపు," అంది లొరేన్.

ఆరోజు గుర్దీప్ ఇల్లు చేరేసరికి ఏడయింది.

ఆదివారం పోటీలో ఎవరెక్కడ కూర్చోవాలో చీటీలు తీస్తే పదిహేడో నంబరు ఒక పొడుగాటి మనిషికి వచ్చింది. సాయంత్రం దాకా అతని గాలానికి ఒక్క చేపా పడలేదు.

"ఇది దిక్కుమాలిన చోటమ్మా," అన్నాడతను.

లొరేన్ అక్కడ బిగించిన పలక మీది తడిని బొటనవేలితో తుడిచింది. ఏ పోగు ఎవరిదో తెలియడం లేదు.

"ముప్పై ఏళ్లూ ఆయన ఇదే మాట అన్నాడు," అంటూ ఫ్లాస్కు మూత తిప్పి అతనికి టీ పోసింది.