డ్రాప్ పక్కన చిన్న మాట

గురువారం పొద్దున్నే ప్రత్తిపాడు శివారు కల్లంలో పన్నెండు మంది ఆడవాళ్లు మిర్చి నింపిన గోనె టిక్కీలను ట్రాక్టరుకి ఎత్తుతున్నారు. ఎవరి మొహంలోనూ కళ లేదు. పురుగుమందు కొట్టకుండా, వేపగింజల కషాయంతోనే మొదటిసారి పండించిన పంట అది. ఇంగ్లండులోని మసాలా కంపెనీ ఒకటి శాంపిల్ తెప్పించుకుని, కొనేటట్టే మాట్లాడింది. తీరా నిన్న సాయంత్రం వచ్చిన మెసేజ్ చూసి, ఆ ఆడవాళ్ల సంఘం నాయకురాలు నసీమున్నీసా మరిది అనీస్ పెదవి విరిచాడు.

"డ్రాప్ అని పెట్టారు వదినా. మనల్ని వదిలేశారు. వచ్చిన ధరకి గుంటూరు మిర్చి యార్డుకి తోలేద్దాం."

అప్పటి నుంచి నసీమున్నీసాకు అన్నం సయించలేదు. ఇంతకీ ఏం రాశారో తనే చూద్దామని ఇప్పుడు ఫోన్ తీసింది. పదో తరగతితో ఆగిన చదువు ఆమెది. రెండు నెలలుగా హైస్కూలు టీచరు రెబ్కా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటోంది. కూడబలుక్కుంటూ చదివింది.

"వి విల్ డ్రాప్ ఇన్ ఆన్ యూ ఆన్ థర్స్‌డే మార్నింగ్."

డ్రాప్ పక్కన ఇన్ ఉంది. మొన్న రెబ్కా చెప్పిన పాఠం గుర్తొచ్చింది. లుక్ అంటే చూడటం. పక్కన ఫర్ చేరితే వెతకడం, ఆఫ్టర్ చేరితే బాగోగులు చూసుకోవడం. మరి డ్రాప్‌కి ఇన్ చేరితే? వెంటనే రెబ్కాకి ఫోన్ చేసింది.

"మేడం, డ్రాప్ ఇన్ అంటే వదిలెయ్యడమేనాండి?"

"కాదండీ. మన ఇంటికొచ్చి ఓసారి చూసి వెళ్లడం. ఎవరొస్తున్నారు?"

"కంపెనీ వాళ్లు. ఇవాళే మేడం, ఈ పొద్దుటే."

అప్పటికే ట్రాక్టరు ఇంజను మోగుతోంది. నసీమున్నీసా పరుగున వెళ్లి బండికి అడ్డం నిలబడింది.

"ఆపు అనీసూ. టిక్కీలన్నీ దించండి. వాళ్లు మనల్ని వదల్లేదు, చూడ్డానికి వస్తున్నారు."

"డ్రాప్ అని కళ్లారా చదివా వదినా."

"పక్కన ఇన్ కూడా ఉంది. నువ్వది చదవలా."

అనీస్ ఫోన్ తీసుకుని చూసి ఇంజను ఆపేశాడు. సంఘంలోని శాంతి, ఆయేషా అప్పటికే ట్రాక్టరు ఎక్కి టిక్కీలు జరుపుతున్నారు. పట్టాలు పరిచారు. ఎర్రటి కాయ కుప్పగా పోసి, తెల్లబడిన తాలు కాయలు ఏరసాగారు. చేతులు ఆడుతున్నంత వేగంగా నోళ్లూ ఆడుతున్నాయి. రెబ్కా స్కూటీ మీద హడావుడిగా వచ్చి, ఆమె కూడా చెంగు దోపుకుని ఏరడానికి కూర్చుంది.

తొమ్మిదిన్నరకు కారొకటి రోడ్డు దిగి కల్లం వైపు తిరిగింది. అందులోంచి నెరిసిన జుట్టున్న కంపెనీ ఆవిడ దిగింది. రెబ్కా లేవబోయి, నసీమున్నీసా ముందుకు నడవడం చూసి ఆగిపోయింది.

ఆవిడ కాయ విరిచి వాసన చూసింది. గింజ నాలుక మీద వేసుకుంది. మందు కొట్టారా అని ఇంగ్లీషులో అడిగింది.

"నో స్ప్రే. ఓన్లీ నీమ్," అంది నసీమున్నీసా.

ఆవిడ కల్లమంతా తిరిగింది, టిక్కీలు విప్పించి చూసింది. చివరికి చెయ్యి చాపి, "వి విల్ టేక్ ఇట్ ఆల్," అంది.

అందరూ నసీమున్నీసా మొహంలోకి చూశారు.

"మొత్తం తీసుకుంటారంట," అంది.

ఆయేషా సంతోషం పట్టలేక కారం చేతులతోనే ఆ కంపెనీ ఆవిడను వాటేసుకుంది. ఆవిడ తుమ్మడం మొదలుపెట్టింది. ఆ తుమ్ములు ఆగేదాకా అక్కడ ఎవరికీ నవ్వు ఆగలేదు.