ఉన్ని మీద పడుకునేవాడు

ఒబ్రాద్ చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, ఉన్ని మూటలోకి మోచేతులు దాటేలా దూర్చాడు. ఒకటే జిడ్డు. గొర్రెపేడ, చచ్చిన పిడుదులు చేతులకు అంటుకున్నాయి. సావా నది అవతల సుల్తాను రాజ్యం నుంచి వచ్చిన ఉన్ని అది. ఇవతల చక్రవర్తి రాజ్యంలో అడుగుపెట్టాలంటే ముందు ఒక మనిషి దాన్ని పిసకాలి, రాత్రిళ్లు దాని మీదే పడుకోవాలి. ఆ మనిషి బతికితే ఉన్నికి ప్లేగు లేనట్టు. ఉన్ని వియన్నాలో దొరలు తొడుక్కునే కోట్లవుతుంది. మనిషి ఇంకో మూట మీదికి పోతాడు.

సరిహద్దు సిపాయిగా కాలు పోగొట్టుకున్నాక అతనికి దొరికిన పని ఇదే. పెళ్లయ్యాక ఇంట్లో పడుకున్న రాత్రుల కంటే ఈ గోదాములో పడుకున్నవే ఎక్కువ. ఈ మూటల గడువు ఇవాళ్టితో సరి. సాయంత్రం డాక్టరు చూసి వదిలితే ఇంటికి వెళ్లొచ్చు.

మధ్యాహ్నం భార్య స్తమేనా వచ్చి బయటి కంచె దగ్గర నిలబడింది. లోపలి కంచెకూ దానికీ మధ్య బారెడు ఖాళీ. లోపలివాణ్ణి తాకినవాళ్లు లోపలికే పోవాలి.

"ఏమయ్యా, ఆ ఉన్ని పెళ్లాం ఇవాళైనా వదుల్తుందా?"

"వదలనంటోందే. నీకంటే మెత్తన."

"కంపు కూడా నాకంటే ఎక్కువేలే! వాకిట్లో నీళ్లు కాచి పెడతా. ఒళ్లు తోముకున్నాకే గడప తొక్కు."

అతను పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే చంకలో సలిపింది. ఆమె వెళ్లాక మూటల వెనక్కి పోయి తడుముకున్నాడు. రేగుపండంత గడ్డ.

సాయంత్రం డాక్టరు ముక్కుకు వెనిగరు గుడ్డ అడ్డుపెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ధ్యాసంతా తన బూట్లకేం అంటుకుందో అన్నదాని మీదే.

"చంకల్లో కొట్టుకో. గట్టిగా."

ప్లేగు గడ్డ ఉన్నవాడు ఆ దెబ్బకు అరుస్తాడు. ఒబ్రాద్ రెండు చంకల్లోనూ పిడికిలితో గుద్దుకున్నాడు. కళ్లు బైర్లు కమ్మాయి. పెదవి కదల్లేదు.

"సరే. తలుపు తియ్యండి."

బయట కాచుకుని ఉన్న స్తమేనా ఉతికిన చొక్కా ఒకటి లోపలి కంచె మీదికి విసిరింది. "అది వేసుకుని రా" అంటూ తెరుచుకుంటున్న తలుపు దగ్గరికి రెండు చేతులూ చాపి పరుగెత్తింది.

ఒబ్రాద్ వెనక్కి జరిగాడు.

"తాకకే. అక్కడే ఉండు."

"ఏం, సిగ్గా?"

అతను చెయ్యెత్తి డాక్టరుకు చంక చూపించాడు. "మళ్లీ చూడండి దొరా. అరవకపోవడం నాకు సిపాయిగా ఉన్నప్పటి అలవాటు."

డాక్టరు ఎగిరి వెనక్కి దూకాడు. అడిగిన మొదటి మాట, "ఏ మూటలోది?"

ఆ వారం దాటకుండానే ఒబ్రాద్‌ను సున్నంలో పూడ్చారు. అతను చూపించిన మూట ఒక్కటే కాల్చారు. మిగతావి వియన్నాకు వెళ్లిపోయాయి.

లోపలి కంచె మీదున్న చొక్కాను తీసే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. వానలకు దాని మెడపట్టీ మీద స్తమేనా కుట్టిన ఎర్రదారం రంగు వదిలి, కొంచెం కొంచెంగా తెల్లగుడ్డలోకి దిగింది.