తెగిపోయిన జవాబు

మొగులయ్యంటే నాకు పడదు. నేనంటే ఆయనకూ పడదు. జిన్నారం దగ్గరి ఈ మందుల ఫ్యాక్టరీలో నేను చేరిన మొదటి వారమే, క్యాంటీన్‌లో నలుగురి ముందు, "కుర్చీల కూసుండి మీటలు నొక్కేటోళ్లకు ఏసీ, మంటకాడ నిలవడేటోళ్లకు తిట్లు" అన్నాడు. అప్పటి నుంచి ఆయన ఎదురొస్తే ఫోన్ చూసుకుంటూ పోతాను. అందుకే ఆయన మీద విచారణ పెట్టారని, నా రిపోర్టే సాక్ష్యమని తెలిసినప్పుడు నేనేం బాధపడలేదు. అబద్ధమెందుకు, లోలోపల కాస్త సంతోషించాను కూడా.

జరిగిందేమిటంటే, మంగళవారం మొదటి షిఫ్టులో మందు ఉడికే నాలుగో రియాక్టర్ పొంగింది. గదంతా పొగ. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు గానీ సరుకంతా నేలపాలైంది. ఆ రియాక్టర్ దగ్గర డ్యూటీ మొగులయ్యది. వేడి హద్దు దాటితే అలారం మీట నొక్కాలి. నొక్కానని ఆయన అంటాడు. సైరన్ మోగలేదు కాబట్టి నొక్కలేదని ప్లాంట్ మేనేజర్ లక్ష్మీకాంతం అంటాడు. నొక్కలేదని తేలితే ఇరవై రెండేళ్ల కొలువు ఊడినట్టే.

తేల్చేది నేను రాసిన ప్రోగ్రాం. రియాక్టర్ ఎంత వేడెక్కింది, ఎవరు ఏ మీట నొక్కారు, అంతా క్షణక్షణం క్లౌడ్ డేటాబేస్‌లోకి పోతుంది. ఫలానా రోజువి కావాలని అడిగితే అది జవాబంతా ఒక్కసారి కుమ్మరించదు. నల్లా నీళ్లలా ధారగా వదులుతుంది. లక్షల వరుసలు. నా ప్రోగ్రాం వచ్చినవాటిని వచ్చినట్టు లెక్కపెట్టి చివరికి ఒక్క పేజీ చేసి ఇస్తుంది. మంగళవారం పేజీలో, అలారం నొక్కినది సున్నా సార్లు అని ఉంది.

గురువారం పొద్దున విచారణ, లక్ష్మీకాంతం గదిలో. మేం ముగ్గురమే. మొగులయ్య తన ఊరు లక్డారం నుంచి సైకిల్ మీద వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఏం మొగులయ్యా, మిషన్ అబద్ధం చెప్తదా?" అన్నాడు లక్ష్మీకాంతం.

"మనిషి చెప్పిచ్చినట్టు చెప్తది సార్. పొగల కండ్లు కనవడకున్నా తడుముకుంట నొక్కిన. ఒక్కపారి గాదు."

నాకు మండింది. "నొక్కితే వస్తది కాకా. రాలేదంటే నొక్కలే. కంప్యూటర్ డబ్బాకు నీ మీద పగేమన్న ఉన్నదా?"

"డబ్బాకు లేదు. నీకున్నది."

ముఖం మీద కొట్టినట్టయింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, బల్ల మీది కాగితం తీసుకుని, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. ఏడో తరగతి చదువు. పొద్దుగూకుతుందా అన్నంత నెమ్మది.

"గీడ ఏం రాసిండ్రు? అన్నిట్లకెల్లి ఎక్కువ వేడి, అరవై రెండు. అరవై రెండుకే రియాక్టర్ పొంగిందా సార్? అది దాని రోజువారీ వేడి. క్యాంటీన్ల చాయ్ గూడ గంతకంటె ఎక్కువ కాల్తది."

"సెన్సర్ చెడిపోయుంటది," అన్నాడు లక్ష్మీకాంతం, వాచీ చూసుకుంటూ.

సెన్సర్ చెడిపోలేదు. నాకు తెలుసు. ధార మధ్యలో తెగి ఉంటుంది.

ఏడాదిన్నర కిందట తనిఖీకి వచ్చినవాళ్లకు ఇదే రిపోర్ట్ చూపిస్తుంటే ధార మధ్యలో తెగి, తెర మీద ఎర్ర పెట్టె వచ్చింది. జవాబు పూర్తి కాలేదని దాని అర్థం. వాళ్లు పోయాక లక్ష్మీకాంతం, "ఆ ఎర్రది ఇంకోసారి కనపడితే నువ్వు కనపడవు" అన్నాడు. ధార ఎందుకు తెగుతోందో చూసి సరిచేయాలంటే నాలుగు రోజుల పని. నేను నాలుగు పంక్తులు రాసి పారేశాను. తెగితే చప్పుడు చేయకు, అంతవరకు వచ్చిందే మొత్తమనుకో. నల్లా ఆగితే ట్యాంకు ఖాళీ అయిందా, కరెంటు పోయిందా అని మా వాడలో చిన్నపిల్లలు కూడా అడుగుతారు. నా ప్రోగ్రాం అడగదు. అడగొద్దని నేనే చెప్పాను.

నేను పలక్కపోతే ఆయన కొలువు పోతుంది. పలికితే నా సంగతేమిటో చెప్పనక్కర్లేదు. పైగా ఆయనంటే నాకు పడదు. ఆ చివరి మాట ఆ గదిలో నిలబడి అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"సార్, గీ కాయితం తప్పు," అన్నాను.

"కూసో అంకితా."

"కూసోను. సగం జవాబుకే లెక్క కట్టింది. తప్పు నాది."

లక్ష్మీకాంతం ఏదో అంటూనే ఉన్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆ నాలుగు పంక్తులు కొట్టేసి మళ్లీ అడిగాను. మంగళవారం పొద్దున పది యాభై రెండు దాకా వరుసలు పరుగెత్తి ఆగాయి. ఎర్ర పెట్టె. పది యాభై రెండు నుంచి మిగతావి పంపమని మళ్లీ అడిగాను. ఈసారి అయిపోయిందన్న గుర్తు వచ్చేదాకా చెయ్యి తీయలేదు. అత్యధిక వేడి నూట ముప్పై ఒకటి. అలారం, పదకొండు గంటల తొమ్మిదో నిమిషం నుంచి పదకొండో నిమిషం లోపల, పద్నాలుగు సార్లు.

పద్నాలుగు సార్లు. పొగలో నిలబడి.

"మరి సైరన్ మోగలేదు గదా," అన్నాడు లక్ష్మీకాంతం. గొంతు తగ్గింది.

"దాన్ని బాగుచేయించుడు నా పనా సార్?" అన్నాడు మొగులయ్య.

లక్ష్మీకాంతం ఫైలు మూశాడు. "పో, డ్యూటీల జేరు." నా వైపు చూడకుండానే, "నీ సంగతి సాయంత్రం చూస్తా" అన్నాడు.

ఇద్దరం బయటికొచ్చాం. ఒక్క మంచి మాట అంటాడేమోనని ఆగాను, నా తెలివితక్కువ కొద్దీ. మొగులయ్య వరండా గోడకు ఆనుకుని హెల్మెట్ తీశాడు.

"పోయినేడు బతుకమ్మ పండుగకు ముంగట నాతోటి పనిచేసే పెద్దరాములును గిట్లనే తీసేసిండ్రు. గా కాయితం గూడ నువ్విచ్చిందేనా?"

తలూపాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నేను నొక్కిన, మొగులూ, నువ్వొక్కనివన్న నమ్మురా అని గేటు కాడ నా చెయ్యి వట్టుకున్నడు," అన్నాడు. "కాయితంల లేదు గదరా అని చెయ్యి ఇడిపిచ్చుకున్న."