చివరి గడిలో ఆకాంక్ష

పన్నెండూ నలభై. పటాన్‌చెరు గోదాము ఆఫీసులో జ్యోతి మేడం పదమూడు దరఖాస్తులను బల్ల మీద పరిచింది.

"ఫోర్క్‌లిఫ్ట్ ట్రైనింగ్‌కు ఉన్నది ఒక్క సీటు. చివరి గడిలో 'మీ ఆకాంక్ష ఏమిటి' అని అడిగితే, పదమూడు మందీ 'సంస్థ అభివృద్ధే నా ఆకాంక్ష' అనే రాసిన్రు. ఒంటిగంట లోపల మీ చేత్తో మీరే రాసి తెండి. ఆలస్యమైతే తీసుకోను."

ప్యాకింగ్ ఆడవాళ్లందరూ పుష్ప వైపు కొరకొరా చూశారు. దరఖాస్తులు రాయించడానికి గేటు ఎదురుగా ఉన్న ఖదీర్ జిరాక్స్ షాపుకు వాళ్లను తీసుకెళ్లింది ఆమే.

పుష్ప ఆ షాపుకు పరుగెత్తింది. రెండేళ్లుగా పై వరుసలో పెట్టె కావాల్సినప్పుడల్లా ఆమె "కుమారన్నా, జెర దించవా" అని బతిమాలడం, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ కుమార్ "ఆగు చెల్లె, చాయ్ తాగొస్త" అనడం. ఆ సీట్లో తను కూర్చోవాలి.

"చాచా, అందరికీ ఒకటే రాసినవేంది?"

ఖదీర్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది గదే రాస్తున్న బేటీ. ఇప్పటిదాంక ఎవ్వరూ చదవలే!"

"అసలు ఆకాంక్ష అంటే ఏంది? జల్దీ చెప్పు."

"చాయ్ తాగాలని నాకు ఆకాంక్ష ఉన్నదంటే నవ్వుతవా, లేదా?"

"నవ్వుత."

"బోనస్ వస్తదనుకునుడు ఆశ. ఆకాంక్ష గట్ల కాదు. నీకంటే ఎత్తుగ ఉండాలె. పైకి చెప్పనీకి సిగ్గనిపియ్యాలె."

పన్నెండూ యాభై రెండు. పుష్ప పెన్ను లాక్కుని రాసింది. ఖదీర్ తొంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"చూడకు చాచా, సిగ్గైతది!"

"సిగ్గైతదా? అయితే కరెక్టే. ఉరుకు!"

గేటుకు అడ్డంగా కంటైనర్ లారీ రివర్స్ అవుతోంది. ఒంటిగంటకు ఇంక రెండు నిమిషాలే ఉన్నాయి. వాచ్‌మన్ పెద్దరాములు ఆమె చేతిలోని కాగితం చూసి పక్క తలుపు తెరిచాడు. "పో బిడ్డా, పో!"

జ్యోతి మేడం చదివింది. 'ఈ గోదాములో మొదటి ఆడ డ్రైవర్‌ను కావాలి. చివరిదాన్ని కావద్దు.'

"చివరిదాన్ని కావద్దంటే?"

"నేనొక్కదాన్నే అయితే వింత లెక్క చూస్తరు మేడం. నా ఎనక ఇంకొకామె రావాలె."

మిగిలినవాళ్ల కాగితాల్లో జీతం పెరగాలని ఉంది, షిఫ్టు మారాలని ఉంది. జ్యోతి మేడం పుష్ప దరఖాస్తు మీద సంతకం పెట్టింది.

మూడు నెలలు గడిచాయి. ఖదీర్ ఇప్పుడు ఆ చివరి గడిని ఖాళీగా వదిలేసి పెన్ను అవతలివాళ్ల చేతికిస్తున్నాడు. గోదాములో పుష్ప ఆరో వరుసలో పెట్టె సర్దుతుంటే, కింద నుంచి కుమార్ మెడ పైకెత్తి అరిచాడు.

"చెల్లె, నా బండి చార్జింగ్‌ల ఉన్నది. జెర గా పక్క పెట్టె దించవా?"

"ఆగన్నా," అంది పుష్ప, "చాయ్ తాగొస్త!"

గోదామంతా ఘొల్లున నవ్వింది. పుష్ప కూడా నవ్వుతూనే లీవర్ లాగి పెట్టె దించింది.